బైపాస్ ఆపరేషన్‌కు ముందున్న నెల రోజులూ మంచం మీదేనా, నడవవచ్చా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను. దేవరకొండ దగ్గరి పల్లెలో బత్తాయి తోట, పత్తి చేను చూసుకునే మీ నాన్నగారికి 61 ఏళ్లు, షుగరు ఉంది. నడిచినప్పుడు ఛాతీలో బరువుగా ఉంటోందని యాంజియోగ్రామ్ చేయిస్తే మూడు రక్తనాళాల్లోనూ బ్లాకులు కనిపించాయి. హైదరాబాదులో బైపాస్ ఆపరేషన్‌కు నెల రోజుల తర్వాతి తేదీ ఇచ్చి, అప్పటిదాకా రోజూ కొంచెం నడవమనీ, బంతుల పరికరంతో ఊపిరి వ్యాయామం చేయమనీ చెప్పి పంపారు. ఇంట్లో మాత్రం మీ అమ్మగారూ మీ మేనత్తా ఆయన్ను మంచం దిగనివ్వడం లేదు. ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

గుండె ఆపరేషన్ చేయించుకునేవారికి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టును నేను. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే కుటుంబాలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఆస్పత్రివారు చెప్పిందే సరైనది, ఆయన నడవాలి. అయితే ఎంత నడవాలో, ఎక్కడ ఆగాలో, ఎలాంటి లక్షణం కనిపిస్తే అసలు మొదలుపెట్టకూడదో తెలుసుకున్నాకే నడవాలి. అందుకే ముందు వ్యాయామం ఎవరికి పనికిరాదో చెప్పి, ఆ తర్వాత పద్ధతి చెబుతాను.

ఏ పనీ చేయకుండా కూర్చున్నప్పుడు కూడా ఛాతీ నొప్పి వచ్చేవారు, గత రెండు మూడు వారాల్లో నొప్పి తరచుగా రావడం గానీ ఇంతకుముందు కంటే తక్కువ శ్రమకే రావడం గానీ మొదలైనవారు, రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చునేవారు, కాళ్ల వాపు రోజురోజుకూ పెరుగుతున్నవారు, కళ్లు తిరిగి పడిపోయినవారు వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. వాళ్లకు కావలసింది నడక కాదు, ఆపరేషన్ తేదీ ముందుకు జరగడం. బృహద్ధమని కవాటం, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని తలుపు, బాగా సన్నబడి లక్షణాలు కూడా ఉన్నవారి సంగతీ ఇంతే. ఎడమవైపు ప్రధాన నాళంలోనే, అంటే డాక్టర్లు లెఫ్ట్ మెయిన్ అనే చోట, పెద్ద బ్లాకు ఉన్నవారు సర్జన్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఇంట్లో సొంతంగా వ్యాయామం చేయకూడదు. మీ నాన్నగారి రిపోర్టులో ఆ మాట ఉందో లేదో మీరు రాయలేదు. రిపోర్టు తీసుకుని ఫోన్‌లోనైనా సర్జన్ బృందాన్ని ఇలా అడగండి: "సార్, లెఫ్ట్ మెయిన్‌లో బ్లాకు ఉందా? గుండె పంపింగ్ ఎంత ఉంది? ఇంటి దగ్గర ఎంతసేపు నడిపించవచ్చు?" ఈ మూడింటికీ జవాబులు చేతికొచ్చాక మొదలుపెట్టండి.

ఇక మీ అమ్మగారి భయం గురించి. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవారిని డాక్టర్లే వారాల తరబడి మంచం మీద ఉంచేవారు. వైద్యం ఆ పద్ధతిని వదిలిపెట్టి చాలా కాలమైంది గానీ, ఆ జాగ్రత్త మన ఇళ్లలో ఇంకా నిలిచే ఉంది. ఆమెది ప్రేమ, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ వయసులో మంచాన పడుకున్న మనిషికి తొడల కండ ఎంత త్వరగా తగ్గుతుందో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. షుగరు ఉన్నవారికి అది ఇంకా త్వరగా తగ్గుతుంది, షుగరు కూడా అదుపు తప్పుతుంది. ఇలా బలహీనపడిన మనిషి ఆపరేషన్ బల్ల ఎక్కితే, అసలు కష్టం ఆ తర్వాతి వారంలో బయటపడుతుంది.

బైపాస్‌లో సాధారణంగా రొమ్ము ఎముకను నిలువునా కోసి, పని పూర్తయ్యాక స్టీలు తీగలతో కలిపి కడతారు. గుండెను ఆపి యంత్రం మీద చేసినా, కొట్టుకుంటున్న గుండె మీదే చేసినా, మత్తులో చాలాసేపు వెల్లకిలా ఉండడం వల్ల ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోతాయి. మెలకువ వచ్చాక గాయం నొప్పికి భయపడి మనిషి లోతుగా ఊపిరి తీయడు, గట్టిగా దగ్గడు. తెమడ లోపలే నిలిచి నిమ్ము చేస్తుంది. ఆపరేషన్ చక్కగా జరిగి, గుండె బాగానే ఉండి, ఊపిరితిత్తుల వల్ల ఐసీయూలో రోజులు పెరగడం చాలా మందిలో చూశాను. ముందుగా చేయించే శిక్షణ ప్రధానంగా ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే.

దీనికి ఆధారం ఉందా అంటే ఉంది. నెదర్లాండ్స్‌లో బైపాస్‌కు ఎదురుచూస్తున్నవారిలో ఊపిరితిత్తుల ముప్పు ఎక్కువగా ఉన్న 279 మందిని తీసుకుని చేసిన పరిశోధన 2006లో ప్రచురితమైంది. ఒక వర్గానికి ఆపరేషన్‌కు ముందు కనీసం రెండు వారాల పాటు రోజుకు 20 నిమిషాలు ఊపిరి లోపలికి తీసే కండరాలకు శిక్షణ ఇచ్చారు, రెండో వర్గానికి మామూలు వైద్యమే చేశారు. ఊపిరితిత్తుల సమస్యలు మామూలు వైద్యం పొందినవారిలో 35 శాతం మందికి వస్తే, శిక్షణ పొందినవారిలో 18 శాతం మందికే వచ్చాయి. న్యుమోనియా కూడా సగానికి పైగా తగ్గింది. కెనడాలో 2000లో ప్రచురితమైన మరో పరిశోధనలో, ముప్పు తక్కువగా ఉన్న 249 మందిలో కొందరికి ఎనిమిది వారాల పాటు వారానికి రెండుసార్లు పర్యవేక్షణలో వ్యాయామం చేయించి, జాగ్రత్తలు బోధించి, నర్సులు ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంటే, వారు ఆస్పత్రిలో ఉండాల్సిన కాలం ఒక రోజు తగ్గింది. అయితే ఇలాంటి శిక్షణ వల్ల ఆపరేషన్ మరణాలు తగ్గుతాయని రుజువు కాలేదు, బ్లాకులు కరుగుతాయన్నది అసలే నిజం కాదు. రెండు వారాలు నడిచాక ఆయాసం తగ్గి, "ఇప్పుడు బాగనే ఉన్న గదా, కోత ఎందుకు?" అని తేదీ వదులుకున్నవారు ఉన్నారు. దయచేసి ఆ ఆలోచనను ఇంట్లోకి రానివ్వకండి. నడక ఆయన్ను ఆపరేషన్‌కు సిద్ధం చేస్తుంది, అంతవరకే.

ఇప్పుడు పద్ధతి. నడక చదునైన నేల మీద ఉండాలి. చేను గట్లూ గుట్ట ఎక్కుడూ వద్దు. మొదటి వారం ఒక్కోసారి ఐదు నుంచి ఏడు నిమిషాలు, రోజుకు మూడుసార్లు నడిపించండి. ఆ రోజంతా నొప్పి, అసాధారణమైన అలసట లేకపోతే రెండు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నాలుగో వారానికి ఒక్కోసారి ఇరవై నిమిషాల దాకా వస్తే చాలు. ముప్పై నిమిషాలు వచ్చినా సంతోషమే, రాకపోయినా బెంగ వద్దు. ఎన్ని అడుగులకు ఛాతీ బరువు మొదలవుతుందో ఆయనకు అనుభవమే కదా. మూడు వందల అడుగుల దగ్గర మొదలవుతుందనుకుంటే రెండు వందల దగ్గరే ఆగి, కూర్చుని, తేరుకున్నాక మళ్లీ నడవాలి. నొప్పి వచ్చేదాకా నడిచి ఆగడం శిక్షణ కాదు, నొప్పి రాకముందే ఆగి ఎక్కువసార్లు నడవడమే శిక్షణ.

నాడి చూసి వేగం నిర్ణయించవద్దు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారిలో నాడి అసలు శ్రమను చూపదు. దానికి బదులు మాటను గమనించండి. పక్కన నడుస్తూ పొలం సంగతులు అడిగితే ఆయన పూర్తి వాక్యాల్లో జవాబు చెప్పగలగాలి, రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతుంటే వేగం ఎక్కువైనట్టు. అందుకే ఆయన్ను ఒంటరిగా పంపకూడదు. ఈ పని మీ మేనత్తకు అప్పగించమని నా సలహా. ఆయన ముఖం ఎలా ఉందో, ఎక్కడ ఆగుతున్నారో ఆమె తన కళ్లతో చూసుకుంటే భయం దానంతటదే తగ్గుతుంది.

జేబులో సార్బిట్రేట్ మాత్ర, అంటే గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఉండాలి. నడకలో నొప్పి వస్తే నిలబడి కాకుండా కూర్చుని, డాక్టరు చెప్పిన మోతాదు నాలుక కింద పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. మాత్రతో తగ్గినా ఆ రోజుకు వ్యాయామం ముగిసినట్టే, ఆ సంగతి ఆస్పత్రికి తెలియజేయాలి. షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్నారు కాబట్టి నడకకు ముందు పరీక్షలో 100 కంటే తక్కువ వస్తే ఏదైనా తిన్నాకే బయలుదేరాలి. కడుపునిండా తిన్న తర్వాతైతే గంటన్నర, రెండు గంటల దాకా వద్దు. మన వైపు ఎండలు 44, 45 డిగ్రీలకు వెళ్లే రోజుల్లో ఉదయం ఏడు లోపే నడక ముగించండి. గుండె మాత్రల్లో చాలావరకు బీపీని తగ్గిస్తాయి, వాటికి ఎండ తోడైతే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

రైతు కుటుంబాల్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటుంది: పొలం పని కంటే వ్యాయామం ఏముంది, అదే చేసుకోనివ్వవచ్చు కదా అని. ఇందులో నా మాట కఠినంగానే ఉంటుంది. 45 కిలోల యూరియా బస్తా ఎత్తేటప్పుడు, వీపున మందు కొట్టే ట్యాంకు మోసేటప్పుడు, బిగుసుకున్న మోటారు వాల్వు తిప్పేటప్పుడు మనిషి తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా ఎగసి, ఇరుకైన నాళాలున్న గుండె మీద మోయలేని భారం పడుతుంది. పైగా పని మధ్యలో ఉన్న రైతు నొప్పి వచ్చిందని ఆగడు, ఆ సాలు పూర్తి చేశాకే ఆగుతాడు. కాబట్టి తోటలో నెమ్మదిగా తిరిగి చెట్లు చూసి రావడం సరే, పని మాత్రం వద్దు.

కాళ్ల బలం కోసం ఒకే ఒక్క వ్యాయామం నేర్పమంటే నేను కుర్చీలోంచి లేవడం నేర్పుతాను, దానికి కారణం మన మంచాలే. నులక మంచం గానీ నవారు మంచం గానీ మధ్యలో కుంగి ఉంటుంది, ఎత్తూ తక్కువ. దాని మీది నుంచి లేచే మనిషి రెండు చేతులూ పట్టె మీద ఆనించి ఒళ్లంతా పైకి నెడతాడు. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా అలా నెట్టకూడదు, రొమ్ము ఎముక అతుక్కునేదాకా ఆ భారం కట్టిన తీగల మీద పడుతుంది. అందువల్ల ఇప్పటినుంచే గట్టి కుర్చీ మీద, చేతులు ఛాతీ మీద కట్టుకుని, పాదాలు వెనక్కి జరుపుకుని, కొంచెం ముందుకు వంగి కాళ్ల బలంతో లేవడం అలవాటు చేయాలి. మొదట ఐదుసార్లు, క్రమంగా పదిసార్లు, ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత. లేచేటప్పుడు పైకి వినిపించేలా లెక్కపెట్టమనండి, నోరు మాట్లాడుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టడం కుదరదు. ఆ తర్వాత గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం. ఆయన ఇంటికి తిరిగి వచ్చేలోగా ఎత్తైన గట్టి మంచమో బల్లో ఏర్పాటు చేయండి. మరుగుదొడ్డి కింద కూర్చునేదైతే కమోడ్ కుర్చీ ఒకటి తెచ్చిపెట్టండి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది బంతుల పరికరంతోనే. మూడు గదులు, మూడు బంతులు, వాటి మీద 600, 900, 1200 అనే అంకెలు ఉంటాయి. చేతికివ్వగానే ఎక్కువమంది దాన్ని బలంగా ఊదుతారు, పక్కనున్నవారు ఇంకా గట్టిగా ఊదమంటారు. అది ఊదేది కాదు, పీల్చేది. నిటారుగా కూర్చుని, మామూలుగా ఊపిరి వదిలి, పెదవులతో గొట్టం చివరను గాలి పోకుండా మూసి, నెమ్మదిగా లోపలికి పీల్చాలి. మొదటి బంతి లేచి పైన నిలవాలి. ఒక్క ఉదుటున పీల్చి మూడు బంతులనూ ఎగరేసి వెంటనే పడేయడం కంటే, ఒక్క బంతిని ఎక్కువసేపు పైన నిలపడం ఊపిరితిత్తుల అడుగుదాకా గాలి చేరడానికి ఎంతో మేలు. పీల్చడం పూర్తయ్యాక రెండు మూడు సెకన్లు ఆపి, గొట్టం తీసేసి, మెల్లగా వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు నాలుగైదు విడతలు. భుజాలు పైకి లేవకూడదు. పొట్ట మీద ఒక చెయ్యి పెట్టుకుంటే ఊపిరి అక్కడిదాకా వస్తోందో లేదో తెలుస్తుంది. తల తిరిగినట్టుంటే ఆపి మామూలుగా ఊపిరి పీల్చుకోవాలి.

నెదర్లాండ్స్ పరిశోధనలో కండరాల శిక్షణకు వాడింది ఈ బంతుల పరికరం కాదని కూడా మీకు తెలియాలి. అందులో వాడినది పీల్చేటప్పుడు స్ప్రింగుతో అడ్డు కల్పించే చిన్న పరికరం. మనిషి పీల్చగల గరిష్ఠ బలాన్ని కొలిచి, అందులో 30 శాతం దగ్గర మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. బీడీలు ఎక్కువగా తాగినవారు, ఉబ్బసం ఉన్నవారు, బాగా బలహీనంగా ఉన్నవారు దాని గురించి ఆస్పత్రిలోని ఫిజియోథెరపిస్టును తప్పక అడగాలి. కొలవకుండా సొంతంగా కొని వాడవద్దు. రాకపోకలు కష్టమైతే జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగంలో ఒకసారి చూపించి, చేసే తీరు సరిగా ఉందో లేదో దిద్దించుకోండి.

దగ్గడం కూడా ఇప్పుడే నేర్చుకోవాలి. దిండును ఛాతీకి రెండు చేతులతో గట్టిగా హత్తుకుని, లోతుగా ఊపిరి తీసి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని రెండు మూడుసార్లు బలంగా వదిలి, చివర్లో ఒక్క దగ్గు దగ్గాలి. నొప్పి లేని రోజుల్లో ఒంటికి అలవాటైన ఈ పని, ఐసీయూలో సగం మత్తులో ఉన్నప్పుడు నర్సు ఒక్క మాట చెప్పగానే గుర్తుకొస్తుంది. అక్కడ కొత్తగా నేర్పబోతే ఎంత తెలివైనవారికైనా కష్టమే.

మీది దేవరకొండ ప్రాంతం కాబట్టి ఒక విషయం ప్రత్యేకంగా అడుగుతున్నాను. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు కృష్ణా నీళ్లు రాకముందు దశాబ్దాల పాటు బోరు నీళ్లే తాగిన తరంలో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలూ కీళ్లూ బిగుసుకునే జబ్బు, ఇంకా ఉంది. మీ నాన్నగారికి మెడ తిప్పడం, నడుము వంచడం కష్టంగా ఉందా? వెన్నెముకతో పాటు పక్కటెముకల కీళ్లు కూడా బిగుసుకున్నవారిలో ఛాతీ సరిగా విచ్చుకోదు, కాబట్టి ఊపిరి వ్యాయామం వారికి మరింత అవసరం. మోకాళ్లు సహకరించక నడవలేకపోతే కుర్చీలో కూర్చుని కాళ్లు మార్చి మార్చి ఎత్తడం, అందుబాటులో ఉంటే కదలని సైకిలును తేలికగా తొక్కడం చేయించవచ్చు. మెడ బిగుసుకుని ఉందన్న సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. శ్వాస గొట్టం వేయడం అలాంటివారిలో కష్టమవుతుంది, తెలిస్తే తగిన ఏర్పాట్లు చేసుకుంటారు.

బీడీ, చుట్ట ఈ రోజే ఆగిపోవాలి, ఇందులో బేరం లేదు. పొగ మానిన కొన్ని వారాలకే ఊపిరితిత్తులు తెమడను బయటికి నెట్టే శక్తిని తిరిగి పుంజుకుంటాయి, కాబట్టి నెల రోజుల గడువు విలువైనది. కల్లు విషయం వేరు. పాలమూరు వైపు కల్లులో మత్తుమందులు కలపడం తెలిసిందే. రోజూ తాగేవారు డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, తికమకపడి చేతికి కట్టిన సెలైన్ పీక్కోవచ్చు. ఆపరేషన్ మర్నాడు ఆ స్థితిలో ఉన్న మనిషి చేత ఏ వ్యాయామమూ చేయించలేము. ఈ అలవాటు ఉంటే సిగ్గుపడకుండా ఇప్పుడే చెప్పండి, మందులతో నెమ్మదిగా మాన్పిస్తారు.

తిండి గురించి ఒక్క మాటే. గుండె జబ్బు అనగానే ఇంట్లో గుడ్డు, పప్పు కూడా మాన్పించి గంజి మీద పెడుతుంటారు. కండకు మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాలు బాగున్నాయని డాక్టరు చెప్తే రోజూ గుడ్డు, పప్పు, పెరుగు, జొన్నరొట్టెతో పాటు ఆకుకూర పెట్టండి. ఉప్పు, నూనె, ఊరగాయ తగ్గించండి.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు నుంచి నడక తేలికగా ఉంచి ఊపిరి వ్యాయామం, దగ్గే పద్ధతి మాత్రం కొనసాగించండి. బంతుల పరికరాన్ని ఆస్పత్రికి మీతోపాటు తీసుకెళ్లండి. ఏ రోజు ఎంతసేపు నడిచారో, నొప్పి ఎప్పుడు వచ్చిందో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచితే అక్కడి ఫిజియోథెరపిస్టుకు చాలా ఉపయోగపడుతుంది. ఆరోగ్యశ్రీ అనుమతి ఆలస్యమై గానీ, జ్వరం వల్ల గానీ తేదీ వెనక్కి జరిగితే, జ్వరం తగ్గిన తర్వాత తక్కువ నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టి పాత స్థాయికి తీసుకురండి. ఆ మధ్యలో నొప్పి తీరు మారితే, అంటే తక్కువ నడకకే వచ్చినా, రాత్రిపూట వచ్చినా, కొత్త తేదీ కోసం ఎదురుచూడకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.